డెల్టాలో ఇంటి స్థలం: ఏటిగట్టు పక్కన మేలా, పల్లపు లేఅవుట్ మేలా, పాత ఊళ్ళో మేలా?

రావులపాలెం, కొత్తపేట, ఆచంట, పాలకొల్లు... గోదావరి డెల్టాలో ఏ చిన్న ఊరు తీసుకున్నా, ఇంటి స్థలం కొనబోయేవాళ్ళ ముందుకు ఇంచుమించు ఇవే నాలుగు రకాలు వస్తాయి. ఏటిగట్టు దాటాక నది వైపున్న లంక భూమి. గట్టుకు ఇవతల, దాని పాదానికి దగ్గరగా ఉన్న స్థలం. ఊరికి దూరంగా వరిచేలు పూడ్చి వేసిన కొత్త లేఅవుట్. ఊరి మధ్య పాత గ్రామకంఠంలో ఇరుకు స్థలం. ధరలో, వైశాల్యంలో దేనికదే వేరు. అమ్మేవాళ్ళు మాత్రం అన్నిటికీ ఒకటే మాట చెబుతారు: "ఆయ్, ఇక్కడికి గోదారి రాదండి."

ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. చాలా చోట్ల నిజమే. కాకపోతే డెల్టాలో ఇంట్లోకి వచ్చే నీళ్ళు మూడు రకాలు. నది పొంగి వచ్చేవి ఒకటి. మీద కురిసి, పోయే దారి లేక నిలిచిపోయేవి రెండోది. సముద్రం పోటుకు కాలువల్లో వెనక్కి తన్నేవి మూడోది. గోదారి రాదన్న మనిషి మొదటిదాని గురించే చెప్పాడు. మిగతా రెండూ మనం అడిగి తెలుసుకోవాల్సినవి. జీవితకాలం పొదుపు చేసిన డబ్బు పెట్టేటప్పుడు ఆ అడగడం మొహమాటం లేకుండా జరగాలని నా కోరిక. అందుకే వరద మాటలు కొన్ని విప్పి చెబుతూ, ఈ నాలుగు స్థలాలనూ పక్కపక్కన పెట్టి చూస్తాను.

ముందు నేల వాలు

కొండల ప్రాంతంలో నదికి దగ్గరయ్యేకొద్దీ పల్లం వస్తుంది. డెల్టాలో ఇది తిరగబడుతుంది. వేల ఏళ్ళుగా గోదావరి పొంగిన ప్రతిసారీ బరువైన ఇసుక, ఒండ్రు ఒడ్డు పక్కనే దిగిపోయాయి. సన్నటి బంకమట్టి మాత్రం దూరం దాకా వెళ్ళి పేరుకుంది. అందుకని ఒడ్డు వెంట నేల మెరక, రెండు పాయల నడుమ నేల పల్లం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొర కాలం నుంచీ సాగునీటి కాలువలు మెరక వెంట, మురుగుకాలువలు పల్లం వెంట పోతున్నాయి. నీరు పల్లమెరుగు అన్న సంగతి మీదే ఈ ఏర్పాటంతా నడుస్తోంది.

కాబట్టి "గోదారికి ఎంత దూరం?" అనే ప్రశ్న కన్నా "ఈ నేల ఎంత ఎత్తు, ఇక్కడ పడిన వాన ఏ డ్రెయిన్‌లోకి పోతుంది?" అనే ప్రశ్న ఎక్కువ పనికొస్తుంది. గట్టు పక్క స్థలం కన్నా, నదికి మూడు నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్న లేఅవుట్ పల్లంగా ఉండటం ఇక్కడ మామూలే. ఎక్కడైనా గట్టు తెగితే ఆ నీరు గట్టు దగ్గర ఆగదు. డ్రెయిన్ల వెంట ఆ పల్లాన్నే వెతుక్కుంటూ పోయి, అక్కడే రోజుల తరబడి కూర్చుంటుంది.

లంక భూమి

వరద మైదానం అంటే నది పొంగినప్పుడు పరుచుకునే నేల మొత్తం. గట్లు కట్టకముందు కోనసీమ అంతా వరద మైదానమే. గట్లు వచ్చాక నదికి మిగిలింది రెండు గట్ల నడుమ ఉన్న మేర. లంకలు ఆ మేరలో ఉన్నాయి. అందులోనూ నీరు వేగంగా పారే భాగాన్ని వరద దారి అనుకుందాం. ఆ దారిలో గోడో, మెరకో, కట్టడమో అడ్డం పెడితే మన ఇల్లు మునగడంతో ఆగదు, ఎగువన ఉన్నవాళ్ళకు నీటిమట్టం పెరుగుతుంది. వరద దారిలో కట్టవద్దనడం వెనక ఉన్న కారణం ఇదే. 1884 నాటి నదుల పరిరక్షణ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. మన రాష్ట్ర భవన నిర్మాణ నిబంధనలు నది అంచు నుంచి మునిసిపాలిటీ పరిధిలో 50 మీటర్లు, బయట 100 మీటర్లు వదలమంటాయి. మీ స్థలానికి ఇవి ఎలా వర్తిస్తాయో పంచాయతీ లేదా మునిసిపల్ కార్యాలయంలో రాతపూర్వకంగా తెలుసుకోండి.

లంకల్లో తరతరాలుగా ఉంటున్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు ఏటి తీరు తెలుసు. అరుగులు ఎత్తుగా కడతారు, గొడ్లను ఎప్పుడు గట్టెక్కించాలో తెలుసు, పడవ ఉంటుంది, పడవ నడిపే చెయ్యి ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక రాకముందే కనకాయలంక లాంటి చోట్ల కాజ్‌వే మీదికి నీరొస్తుంది. బడికి, ఆస్పత్రికి, కూరగాయలు అమ్ముకోవడానికి అన్నిటికీ నాటుపడవే దిక్కు. ఆ బతుకు తెలియని కొత్తవాళ్ళు తక్కువ ధర చూసి అక్కడ ఇల్లు కడితే కష్టం.

పైగా లంకకు ముంపు ఒక్కటే కాదు, కోత కూడా ఉంది. ముంపు వచ్చి పోతుంది, ఒక్కోసారి మంచి ఒండ్రు వదిలి పోతుంది. కోతలో పోయిన నేల తిరిగి రాదు. కాగితం మీద ఎకరం ఉంటుంది, నేల మీద కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా నదిలోకి ఒరిగి ఉంటాయి. బీమా కట్టిన ఇంటికే గాని నేలకు రాదు. లంక భూమి కూరగాయలకో, అరటికో, కొబ్బరికో తీసుకోండి. కొత్తగా ఇల్లు కట్టడానికి వద్దని గట్టిగానే చెబుతాను.

గట్టు పక్క స్థలం

ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మనుషులు ఎక్కువగా పొరబడేది ఈ చోటే. కొందరు గట్టు ఉంది కదా అని పూర్తి ధీమాగా ఉంటారు. కొందరు గట్టు పక్క అనగానే వద్దంటారు. రెండూ సరికావు.

గట్టు ప్రమాదాన్ని తీసేయదు, దాని రూపం మారుస్తుంది. గట్టు లేకపోతే చిన్న వరదలు తరచుగా, మెల్లగా వస్తాయి. గట్టు కట్టాక ఆ చిన్నవన్నీ ఆగిపోతాయి. ఏళ్ళ తరబడి చుక్క నీరు రాదు. ఒకవేళ వస్తే మాత్రం గండి పడి, ఒక్కసారిగా, వేగంతో వస్తుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు (సెకనుకు పారే ఘనపుటడుగులు) దాటింది, భద్రాచలంలో 75.6 అడుగులు. గట్లకు గండ్లు పడ్డాయి. 2006 ఆగస్టులో 28 లక్షలు దాటినప్పుడు కోనసీమలో మళ్ళీ గండ్లు పడ్డాయి. 2022 జూలైలో 25 లక్షలు దాటింది, భద్రాచలంలో 71.3 అడుగులు. ఆ రాత్రుళ్ళు గట్ల మీద ఇసుక బస్తాలతో జాగారం చేసినవాళ్ళు ఈ ఊళ్ళలో ఎంతోమంది.

గట్టు ఎలా తెగుతుందో తెలిస్తే స్థలం చూసేటప్పుడు కన్ను సరైన చోట పడుతుంది. ఒకటి, నీరు గట్టు మీంచి పొర్లడం. గరిష్ఠ వరద మట్టం పైన ఇంకా మిగిలి ఉండే గట్టు ఎత్తును ఫ్రీబోర్డు అంటారు. గట్టు అంతా ఎత్తుగా ఉన్నా, రేవులోకి దిగే బాట దగ్గరో, ఇసుక ట్రాక్టర్లు ఎక్కి దిగే చోటో అరిగిపోయి ఉంటే ఆ ఒక్క చోట ఫ్రీబోర్డు తగ్గినట్టే. పొర్లడం అక్కడే మొదలవుతుంది. రెండు, బుంగ, అంటే గట్టులో ఉన్న కన్నం గుండా నీరు కారడం. ఎలుకలు, పీతలు తవ్విన బొరియలు, ఎండిపోయిన చెట్టు వేళ్ళు వదిలిన ఖాళీలు, గట్టు కింద పాత తూములు. మూడు, ఊట. నదిలో నీరు ఎత్తుగా నిలిచినప్పుడు గట్టు కింద ఇసుక పొరల గుండా ఒత్తిడి ఇవతలికి వస్తుంది, గట్టు పాదం దగ్గర నీరు ఉబుకుతుంది. ఆ నీరు తేటగా ఉంటే కనిపెట్టి చూస్తూ ఉండాలి. బురదగా, ఇసుక చిమ్ముతూ వస్తే గట్టు లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం. అప్పుడు దాన్ని గుడ్డలు కుక్కి మూయకూడదు, మరోచోట పగులుతుంది. చుట్టూ ఇసుక బస్తాలతో బావి వరలా ఎత్తు కట్టి, లోపలి నీటి ఎత్తుతో ఒత్తిడిని సమం చేస్తారు. ఇంతలో జలవనరుల శాఖ సిబ్బందికి కబురు వెళ్ళాలి. నాలుగోది కోత. నది మలుపు తిరిగే చోట బయటి ఒడ్డు కోసుకుపోతూ గట్టు పాదానికి వచ్చేస్తుంది. లోపలి ఒడ్డున ఇసుక మేట వేస్తుంది.

కాబట్టి గట్టు పక్క స్థలాలన్నీ ఒకటి కావు. గట్టుకు, నదికి మధ్య వెడల్పుగా లంక ఉండి, మలుపు లోపలి వైపు ఉన్న చోటు ఒక రకం. నది నేరుగా గట్టును రాసుకుంటూ పోయే బయటి మలుపు మరో రకం. ఈ రెండో చోట స్థలం ఉచితంగా ఇచ్చినా ఇల్లు కట్టకండి. గండి పడ్డ చోట నీరు నేలను లోతుగా తవ్వి మడుగు చేసి పోతుంది. ఆ తాకిడికి పునాదులు నిలవడం కష్టం. పాత గండ్లు ఎక్కడ పడ్డాయో ఊళ్ళో పెద్దవాళ్ళకు తెలుసు. గట్టు వెంట నడిస్తే, ఇవతల వైపు ఉన్నట్టుండి ఒక లోతు గుంట, దాన్ని చుట్టి వంపు తిరిగిన గట్టు కనిపిస్తే ఆ చోటు గురించి తప్పకుండా అడగండి.

పల్లపు లేఅవుట్

కొత్త లేఅవుట్లు చూడటానికి బావుంటాయి. ముప్పై అడుగుల రోడ్లు, ఆర్చి, మొక్కలు. నేల మాత్రం నిన్నటిదాకా వరిచేను. వరికి నీరు నిలవాలి కాబట్టి పల్లపు నేలే వరిచేను అయింది. రోడ్డు మీద గ్రావెల్ తోలి ఎత్తు చేస్తారు, ప్లాట్లు కిందే ఉండిపోతాయి. వాన పడితే ఒక్కో ప్లాటూ ఒక్కో మడి.

ఇక్కడికి గోదారి నిజంగానే రాకపోవచ్చు. అయినా గోదారి ఎత్తుగా ఉందంటే ఇక్కడ ఇబ్బందే, దాని కారణం చాలామందికి తెలియదు. నదిలోకి కలిసే డ్రెయిన్ల చివర స్లూయిజ్‌లు ఉంటాయి. నదిలో నీరు పెరిగితే అది డ్రెయిన్‌లోకి ఎగదన్నకుండా వాటి తలుపులు మూస్తారు. మూయడం సరైన పనే. కానీ అదే సమయంలో ఊళ్ళో నాలుగు రోజులు ముసురు పట్టిందంటే ఆ వాననీరు పోవడానికి దారి ఉండదు. నేరుగా సముద్రంలోకి పోయే డ్రెయిన్లకు ఇంకో చిక్కు. అమావాస్యకు, పౌర్ణమికి పోటు ఎక్కువ. పోటు సమయంలో నీరు లాగదు, పాటు కోసం, అంటే సముద్రం వెనక్కి తగ్గేదాకా, కాచుకుని ఉండాలి. దీనికి తోడు గుర్రపుడెక్క, పూడిక, ఆక్రమణలు, గట్లు కట్టిన చేపల, రొయ్యల చెరువులు. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించి ఖరీఫ్ సాగు మానేసినప్పుడు చెప్పుకున్న గోడుల్లో ఈ ముంపు కూడా ఉంది. రైతుకు పంట మునిగిన పల్లంలోనే ఇప్పుడు ప్లాట్లు వేస్తున్నారు.

మా పిన్ని వాళ్ళు ఇలాంటి ఒక కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. ఎండాకాలంలో చూసి కొన్నారు. ఇంట్లోకి నీరు రాలేదు, అరుగు దాకా వచ్చింది. అయితే సెప్టిక్ ట్యాంకు నిండి వెనక్కి తన్నింది, బోరు మూత మీదికి మురుగు చేరింది, వీధిలో మోకాళ్ళ లోతు నీళ్ళలో బాబాయి మందుల కోసం వెళ్ళాల్సి వచ్చింది. మునగకపోయినా ఉండలేని పరిస్థితి అంటే అది. ఈ నష్టం ఏ వరద లెక్కలోకీ ఎక్కదు. పెద్దవాళ్ళున్న ఇంటికి అదెంత టెన్షనో దగ్గరుండి చూస్తే తెలుస్తుంది.

అయినా ఈ నీటికి ఒక గుణం ఉంది. మెల్లగా వస్తుంది, తాకిడి ఉండదు, ప్రాణం మీదికి తేవడం అరుదు. ఎత్తుతో దీన్ని గెలవచ్చు. గండి నీటిని అలా గెలవలేం.

పాత ఊరు

దీని గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. పూర్వీకులు మెరక చూసే ఊరు కట్టుకున్నారు. గుడి, చావడి, పాత మండువా ఇళ్ళు ఉన్న చోటు సాధారణంగా ఊళ్ళో ఎత్తైన నేల. ఇరుకు సందు, కారు తిరగదు, పార్కింగ్ లేదు, గజం ధర ఎక్కువ. ఒక్క విషయం మాత్రం చూసుకోండి. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే ఇంకో పొర వేయడంతో, పాత ఇళ్ళు రోడ్డు కన్నా కిందికి దిగిపోతున్నాయి. పాత ఇల్లు కొంటే గడప రోడ్డు కన్నా ఎంత పైనుందో కొలవండి.

వందేళ్ళ వరద అంటే వందేళ్ళకోసారి అని కాదు

స్థలాలను పోల్చేటప్పుడు ఇంజనీర్లు, బ్యాంకు వాళ్ళు ఈ మాట వాడతారు. వందేళ్ళ వరద అంటే ఏ సంవత్సరంలోనైనా రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉన్న వరద. ఈ ఏడు వచ్చిందని వచ్చే ఏడు రాదని కాదు. ప్రతి ఏడూ కొత్త లెక్కే. ఇంటి లోను కాలం 30 ఏళ్ళు అనుకుంటే ఆ 30 ఏళ్ళలో కనీసం ఒక్కసారైనా వందేళ్ళ వరద చూసే అవకాశం నూటికి 26. నాలుగు ఇళ్ళలో ఒకటి అన్నమాట. 50 ఏళ్ళ వరదైతే నూటికి 45. 25 ఏళ్ళ వరదైతే 71. పదేళ్ళ వరదైతే 96, అంటే తప్పదనే అనుకోవాలి.

ఈ లెక్క చూశాకే నాకు గట్టు పక్క స్థలానికి, పల్లపు లేఅవుట్‌కు తేడా సరిగ్గా అర్థమైంది. గట్టు పక్కన అవకాశం తక్కువ, దెబ్బ పెద్దది. పల్లంలో అవకాశం చాలా ఎక్కువ, దెబ్బ చిన్నది. ఒక్క అవకాశమే చూస్తే గట్టు పక్క మేలనిపిస్తుంది. ఒక్క దెబ్బే చూస్తే పల్లం మేలనిపిస్తుంది. రెండూ కలిపి, ఇంట్లో ఉండేది ఎవరో కూడా కలిపి చూడాలి.

కేంద్ర ప్రభుత్వం 1975లో రాష్ట్రాలకు పంపిన నమూనా బిల్లులో వరద మైదానాన్ని జోన్లుగా విడగొట్టమని ఉంది. ఆస్పత్రులు, విద్యుత్ కేంద్రాల లాంటివి వందేళ్ళ వరద మట్టానికి పైన, ఇళ్ళు, ప్రభుత్వ కార్యాలయాలు కనీసం 25 ఏళ్ళ వరద మట్టానికి పైన ఉండాలని, పార్కులు, ఆటస్థలాలు అంతకు దిగువన ఉన్నా పరవాలేదని దాని సారం. దీన్ని చట్టం చేసుకున్న రాష్ట్రాలు కొద్దే. చట్టం ఉన్నా లేకపోయినా, మన ఇంటికి మనం ఆ కొలత పెట్టుకోవచ్చు. నా మాట అడిగితే ఇంటికి 25 ఏళ్ళు చాలవు. డెల్టాలో 1953, 1986, 2006, 2022 వరదలన్నీ చూసిన పెద్దవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. ఒక్క జీవితకాలంలో ఇన్ని పెద్ద వరదలు వచ్చిన చోట, ఊళ్ళో ఎవరికి గుర్తున్న గరిష్ఠ మట్టమైనా సరే, దానికి పైనే గడప ఉండాలి.

పోలవరం పూర్తయితే ఇవన్నీ ఉండవు కదా అంటారు కొందరు. ఆ జలాశయం పూర్తి సామర్థ్యం సుమారు 194 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). 25 లక్షల క్యూసెక్కుల వరద ఒక్క రోజు పారితే 216 టీఎంసీలు. ధవళేశ్వరం బ్యారేజీ నిల్వ సుమారు 3 టీఎంసీలే, 10 లక్షల క్యూసెక్కులు గంటలోపే దాన్ని నింపేస్తాయి. వరద పెరిగేకొద్దీ 175 గేట్లూ ఎత్తి నీటిని దిగువకు వదలాల్సిందే. ఆనకట్టను చూసి స్థలం కొనకండి.

ఏ హెచ్చరికను నమ్మాలి?

టీవీలో భద్రాచలం అడుగులు చెబుతారు, ధవళేశ్వరం క్యూసెక్కులు చెబుతారు. రెండింటికీ వేర్వేరు పనులున్నాయి. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటిది, అంటే సుమారు 10 లక్షల క్యూసెక్కులు. 13.75కి రెండోది, 13 లక్షలు. 17.75కి మూడోది, 17 లక్షలు. ఈ అడుగులు ఆయా చోట్ల గేజీ మీద కొలతలు. ధవళేశ్వరంలో 15 అడుగులంటే మన వీధిలో 15 అడుగులని కాదు.

భద్రాచలం సంఖ్య మనకు సమయం ఇస్తుంది. అక్కడి వరద ఉధృతి ధవళేశ్వరానికి చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. కానీ శబరి గోదావరిలో కలిసేది భద్రాచలానికి దిగువన, కూనవరం దగ్గర. శబరి పొంగితే ఆ నీరంతా భద్రాచలం అడుగుల్లో కనపడదు. 2006లో భద్రాచలం దగ్గర 66.9 అడుగులే, 2022 కన్నా తక్కువ. ధవళేశ్వరంలో మాత్రం 2006 వరదే పెద్దది. అందుకే సామాను పైకెక్కించడం మొదలుపెట్టడానికి భద్రాచలం చూడాలి, ఇల్లు వదలాలా వద్దా అనేదానికి ధవళేశ్వరం చూడాలి.

ఈ రెండింటికన్నా నేను ఎక్కువ విలువిచ్చేది మూడోదానికి, మన రేవు మెట్లకు. ధవళేశ్వరంలో ఇన్ని లక్షలున్నప్పుడు మన రేవులో ఎన్నో మెట్టు దాకా నీరుందో రెండు మూడు వరదలకు పెయింటుతో గుర్తు పెట్టుకుంటే, తర్వాత టీవీలో సంఖ్య వినగానే మన ఊళ్ళో ఏమవుతుందో తెలిసిపోతుంది. నరసాపురం, యానాం వైపు ఉన్నవాళ్ళు ఆ గుర్తు పక్కన తిథి కూడా రాసుకోవాలి. పౌర్ణమి పోటుతో వచ్చిన 15 లక్షలూ, మామూలు రోజున వచ్చిన 15 లక్షలూ అక్కడ ఒకే ఎత్తులో ఉండవు.

కేంద్ర జల సంఘం వెబ్‌సైట్లో ఒక్కో గేజీకి హెచ్చరిక మట్టం, ప్రమాద మట్టం, ఇప్పటిదాకా నమోదైన గరిష్ఠ వరద మట్టం ఉంటాయి. ప్రమాద మట్టం దాటితే తీవ్ర వరద, గరిష్ఠ మట్టాన్ని తాకినా దాటినా అతి తీవ్ర వరద. వార్తల్లో ఈ రెండో మాట వినిపిస్తే ఊళ్ళో పెద్దల జ్ఞాపకం కూడా పనికిరాదని అర్థం, ఎందుకంటే అంత నీటిని ఆ చోట ఎవరూ చూసి ఉండరు.

మెరక చేయడమా, పిల్లర్ల మీద లేపడమా?

బుసకో (సన్న ఇసుక మట్టి), గ్రావెలో తోలి స్థలం మెరక చేయడం చవక, అందరూ చేసేది. దానితో మన నీరు పక్కింటికి పోతుంది, వాళ్ళూ తోలితే ఆ పక్కింటికి. చివరికి తోలుకోలేని పేదవాడి ఇంట్లో నిలుస్తుంది. ఇది నాకు మనసొప్పని సంగతి. పైగా తోలిన మట్టి బాగా దిమ్మిస చేసి, ఒక వానాకాలం గడిచాక కడితే తప్ప నేల కుంగి గోడలు నెర్రెలిస్తాయి. పిల్లర్ల మీద లేపి కింద ఖాళీ వదిలితే నీరు కింద నుంచి పోతుంది, పక్కవాడికి ఇబ్బంది ఉండదు, తాకిడి కూడా తగ్గుతుంది. ఖర్చు ఎక్కువ, మెట్లెక్కాలి. గట్టు పక్కన కట్టితీరాలంటే పిల్లర్లే మేలు, మీదికి చేరడానికి మేడ మెట్లు కూడా ఉండాలి. పల్లపు లేఅవుట్‌లో అందరూ కలిసి డ్రెయిన్ దాకా కాలువ తీయించుకోగలిగితే కొద్ది మెరకతో సరిపోతుంది. ఎక్కడ కట్టినా కరెంటు మీటరు, స్విచ్ బోర్డులు ఎత్తులో పెట్టించండి, బోరు కేసింగు నేలకన్నా పైకి తీయించండి.

బీమా సంగతి ఒక్క మాట. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ అమ్మే భారత్ గృహ రక్ష అనే ఇంటి పాలసీలో వరద, తుపాను, ముంపు నష్టాలు కలిసే ఉంటాయి. ఇంటికి బీమా తీసుకుంటే అందులో 20 శాతం వరకు, గరిష్ఠంగా 10 లక్షల దాకా సామానుకు కూడా వర్తిస్తుంది. లోను కోసం బ్యాంకు తీయించిన పాలసీలో ఏముందో చదివి చూసుకోండి.

మరి ఏది మేలు?

స్తోమత ఉంటే పాత ఊళ్ళో ఇరుకు స్థలమే. వంద గజాల మెరక, రెండు వందల గజాల పల్లం కన్నా మేలని నా గట్టి అభిప్రాయం. అది కుదరక మిగతా రెండింట్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే, ఇంట్లో ముసలివాళ్ళు, పసిపిల్లలు, మంచాన ఉన్నవాళ్ళు ఉంటే పల్లపు లేఅవుటే తీసుకోండి. గడప ఎత్తు చేసి కట్టుకోండి. వాన ముంపుతో విసుగు ఎక్కువే గాని అర్ధరాత్రి మంచంతో సహా మనిషిని ఎత్తుకుని పరుగెత్తాల్సిన అవసరం రాదు. నడవగల నలుగురే ఉన్న ఇంటికి, నదికి గట్టుకు మధ్య వెడల్పైన లంక ఉన్న చోట, గట్టు పాదం నుంచి బాగా ఎడంగా మెరక స్థలం దొరికితే, పల్లపు లేఅవుట్ కన్నా అదే మేలు. నేల ఎత్తు, మట్టి మంచిది, ఏటా వచ్చే వాన ముంపు ఉండదు. భద్రాచలం 53 దాటిందంటే సామాను సర్దడం మొదలుపెట్టే అలవాటు మాత్రం ఆ ఇంట్లో అందరికీ ఉండాలి.

సముద్రానికి దగ్గర మండలాల వాళ్ళకు ఈ లెక్క మారుతుంది. 1996 నవంబరు 6 తుపాను కోనసీమను ఊడ్చినప్పుడు వరద హెచ్చరికలు ఏవీ దానికి వర్తించలేదు. అక్కడ గాలికి నిలిచే శ్లాబు, దగ్గరలో తుపాను షెల్టరు ముందు చూడాలి, గట్టు, డ్రెయిన్ ఆ తర్వాత.

అడ్వాన్సు ఇచ్చేముందు స్థలాన్ని ఆగస్టులోనో, సెప్టెంబరులోనో, రెండు రోజులు వాన పడ్డాక చూడండి. ఆ వీధి చివర ఇంటి ఇల్లాలిని పలకరించి, "అక్కా, 2022లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి, ఎన్ని రోజులున్నాయి?" అని అడగండి. ఎంత లోతు అనేదానితో పాటు ఎన్ని రోజులు అనేది తప్పకుండా అడగాలి, లాగే దారి ఉందో లేదో దానితోనే తెలుస్తుంది. లేఅవుట్ వాననీరు ఏ డ్రెయిన్‌లో కలుస్తుందో, ఆ డ్రెయిన్ ఎక్కడ నదిలోనో సముద్రంలోనో కలుస్తుందో అమ్మేవాళ్ళను చూపించమనండి. చూపించలేకపోతే అడ్వాన్సు ఇవ్వకండి.